కుక్కకు షాక్ కాలరు కడితే కంచె కట్టినట్టేనా?

ప్రశ్న: మాది హనుమకొండ శివారులో 500 గజాల స్థలంలో ఇల్లు. మూడు వైపులా ప్రహరీ ఉంది. ముందు వైపు హద్దు మీద పక్క ప్లాటాయనతో కేసు నడుస్తోంది. యథాతథ స్థితి ఉత్తర్వు ఉండటంతో అటు గోడ, గేటు పెట్టలేకపోయాం. మూడేళ్ల జర్మన్ షెపర్డ్ ఉంది. అమెరికాలో ఉండే మా అబ్బాయి మొన్న వస్తూ 'కనిపించని కంచె' కిట్ తెచ్చాడు. నేలలో తీగ పాతి, కుక్క మెడకు కాలరు కడితే, హద్దు దాటబోయినప్పుడు షాక్ కొడుతుందట. వాళ్ల వీధిలో చాలా ఇళ్లకు ఇదేనట. ఈ సంగతి విని ఎదురింటాయన 'కరెంటు కంచె వేస్తున్నారని పోలీసులకు చెబుతా' అంటున్నారు. ఉగాదికి ముందు ఒకసారి మా కుక్క ఆయన మనవడి వెంటపడింది లెండి, కరవలేదు. అప్పటి నుంచి ఆయనకు కోపం. మళ్లీ బయటికొస్తే అన్నంలో మందు కలిపి పెడతానని కూడా అన్నారు. ఈ కిట్ పెట్టుకోవడం చట్టప్రకారం తప్పా? పెట్టాక కూడా కుక్క దాటిపోయి ఎవరినైనా కరిస్తే బాధ్యత అమ్మిన కంపెనీదా, మాదా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఎదురింటాయన భయం సంగతి చూద్దాం. ఆయన్ని నేను పెద్దగా తప్పుపట్టను. మన దగ్గర కరెంటు కంచె అనగానే గుర్తొచ్చేది అడవిపందుల కోసం పొలం చుట్టూ చుట్టి, స్తంభం మీది లైనుకు కొక్కెం తగిలించిన ఇనుప తీగ. రాత్రిపూట మోటారు వేయడానికి వెళ్లి ఆ తీగ తగిలి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అది కరెంటు చౌర్యం, పైగా ఎవరైనా చనిపోతే నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు అవుతుంది, ఇంకా పెద్ద సెక్షన్ కూడా పడొచ్చు. మీ కిట్ అలాంటిది కాదు. నేలలో పాతే తీగలో వెళ్లేది సన్నని రేడియో సంకేతం మాత్రమే, దాన్ని చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. కుక్క దగ్గరికి రాగానే కాలరు ఆ సంకేతాన్ని అందుకుని ముందు బీప్ మంటుంది. అయినా ముందుకు వెళితే, మెడకు ఆనుకుని ఉండే రెండు లోహపు మొనల గుండా కాలర్లోని బ్యాటరీ చిన్న షాక్ ఇస్తుంది. పోలీసులు వస్తే కిట్ విప్పి చూపించండి. మనుషులకు ప్రమాదమనే ఫిర్యాదు నిలవదు.

కుక్కకు ప్రమాదం సంగతేమిటి? షాక్ కాలరును పేరుపెట్టి నిషేధించిన కేంద్ర చట్టం మన దగ్గర లేదు. అలాగని పూర్తి స్వేచ్ఛ కూడా లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 3వ సెక్షన్ ప్రకారం పెంపుడు జంతువుకు అనవసరమైన నొప్పి, బాధ కలగకుండా చూడటం యజమాని విధి. 11వ సెక్షన్ ప్రకారం అలాంటి బాధ పెట్టడం నేరం. దానికి శిక్ష వింటే మీరు నవ్వుతారు. మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. 1960లో అది డబ్బే, ఇవాళ మిర్చి బజ్జీల ప్లేటుకు కూడా చాలదు. కానీ జరిమానా చిన్నదని విషయం చిన్నది కాదు. 2014లో జల్లికట్టు కేసులో, అంటే భారత జంతు సంక్షేమ బోర్డుకూ నాగరాజకూ మధ్య నడిచిన కేసులో, సుప్రీంకోర్టు ఈ రెండు సెక్షన్లనూ జంతువులకున్న హక్కులుగా చదివింది, భయం లేకుండా బతకడాన్నీ అందులో చేర్చింది. బ్రిటన్‌లోని వేల్స్ 2010లోనే కుక్కలకు, పిల్లులకు ఇలాంటి కాలర్లు వాడటాన్ని నిషేధించింది. హద్దు తీగతో పనిచేసేవీ అందులోకి వచ్చాయి. తయారీదారులు హైకోర్టుకు వెళ్లినా నిషేధం నిలిచింది. రేపు మన దగ్గర ఎవరైనా ఫిర్యాదు చేస్తే వకీలు ఇవన్నీ చదువుతాడు. అప్పుడు కోర్టు చూసేది ఆ నొప్పి 'అనవసరమా' కాదా అన్నదే. మామూలు కంచెతో జరిగే పనికి షాక్ ఎందుకు పెట్టారని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది ఆ వీధికి నిజం. అక్కడి చాలా కాలనీల్లో ఇంటి ముందు కంచె కట్టనివ్వరు, పచ్చిక అంతా తెరిచే ఉండాలి. అందుకే 1970లలో ఈ వస్తువు అక్కడ పుట్టింది. అక్కడ వీధికుక్కలు మందలుగా తిరగవు. గ్యాస్ బండ అబ్బాయి, పాలవాడు, బాలు కోసం పరిగెత్తుకొచ్చే పక్కింటి పిల్లాడు నేరుగా వాకిట్లోకి వచ్చేయరు. ఈ కంచె మీ కుక్కను లోపల ఉంచడానికి ప్రయత్నిస్తుంది గానీ, బయటివాళ్లను ఆపదు. వీధికుక్కలు నాలుగు లోపలికొస్తే మీ దాని పరిస్థితి ఏమిటి? తప్పించుకోవడానికి అది పరిగెత్తే దారిలోనే షాక్ ఉంటుంది.

అమెరికాలోనైనా ఇది ఎంతవరకు పనిచేస్తోందో చూడండి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యులు దాదాపు వెయ్యి మంది యజమానులను అడిగి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఎలక్ట్రానిక్ కంచె ఉన్న కుక్కల్లో 44 శాతం ఎప్పుడో ఒకప్పుడు తప్పించుకుపోయాయి. మామూలు కంచె ఉన్నవాటిలో ఆ సంఖ్య 23 శాతం. కారణం అంత అర్థం కానిది కాదు. పిల్లి కనబడితేనో, దీపావళి టపాకాయ పేలితేనో కుక్క ఆ ఒక్క క్షణం నొప్పిని ఓర్చుకుని దూకేస్తుంది. వేడి తగ్గాక ఇంటికి రావాలంటే చాలా కిట్లలో మళ్లీ అదే గీత దాటాలి, మళ్లీ షాక్ తినాలి. దాంతో బయటే ఉండిపోతుంది. మీది దట్టమైన బొచ్చున్న జాతి. మొనలు చర్మానికి తగలకపోతే కాలరు ఉత్త పట్టీయే. తగిలేలా బిగించి రోజంతా ఉంచితే మెడ మీద పుండు పడుతుంది. ఆ పుండు ఫొటో ఒక్కటి చాలు, ఇందాక చెప్పిన 11వ సెక్షన్‌కు. ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ఎక్కువ కలవరం కలిగించేది. షాక్ తగిలిన క్షణంలో ఎదురుగా మనిషి కనబడితే, నొప్పి ఆ మనిషి వల్లే వచ్చిందని కుక్క అనుకునే వీలుంది. ఈ కంచెలున్న ఇళ్లలో కుక్కలు మనుషుల మీద పడ్డ అయిదు ఉదంతాలను 2000లో ఓ అమెరికన్ పరిశోధనా పత్రం ఇదే కోణంలో చర్చించింది.

ఇక మీ అసలు ప్రశ్న, బాధ్యత ఎవరిదని. మీదే. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 289, చెప్పేది ఇది: తన స్వాధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పో, తీవ్ర గాయమో కలిగే అవకాశం ఉన్నప్పుడు, దాన్ని ఆపడానికి సరిపడా జాగ్రత్తను తెలిసి గానీ నిర్లక్ష్యం వల్ల గానీ తీసుకోకపోతే నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు, బెయిలు దొరుకుతుంది. ఇందులో కరవడం అనే మాటే లేదని గమనించండి. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన ఓ యువకుడు, పెంపుడు జర్మన్ షెపర్డ్ వెంటపడితే భయంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. యజమాని మీద కేసు నమోదైంది.

'సరిపడా' అన్న మాటే కీలకం. ఏది సరిపోతుందో నిర్ణయించేటప్పుడు కోర్టు అడిగే మొదటి ప్రశ్న, ఈ కుక్క స్వభావం మీకు ముందే తెలుసా అని. నష్టపరిహారం కోసం వేసే సివిల్ దావాలోనూ అదే ప్రశ్న. మీ ఉత్తరంలో 'లెండి' అంటూ దాటేసిన వాక్యం ఒకటుంది: ఉగాదికి ముందు పిల్లాడి వెంటపడింది, కరవలేదు. మీకు అది చిన్న సంగతి. నేను అవతలి వకీలునైతే నా కేసు మొత్తం ఆ వాక్యం మీదే నడుపుతాను. ఇది మనుషుల వెంటపడుతుందని మీకు తెలుసు. గోడ లేదు, గేటు లేదు. తెలిసీ మీరు చేసింది ఏమిటయ్యా అంటే, దాటాలనుకుంటే దాటిపోగలిగిన ఒక తీగ. 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డు పెట్టానంటారేమో. పెట్టండి, లోపలికి వచ్చేవాళ్లకు హెచ్చరిక అవుతుంది. కానీ ప్రమాదం ఉందని మీకు తెలుసని రాసిచ్చిన కాగితం కూడా అదే.

కంపెనీ మీదికి తోయగలరా? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారును బాధ్యుణ్ని చేసే అధ్యాయం ఉంది. కానీ ముందు వస్తువులో లోపం చూపాలి, పైగా కొన్నది అమెరికాలో. అన్నిటికీ మించి, కిట్‌తో వచ్చిన చిన్న పుస్తకం చదివారా? ఇది గట్టి అడ్డుగోడ కాదని, దూకుడు స్వభావమున్న కుక్కలకు వాడొద్దని ఇలాంటి వాటిలో సాధారణంగా రాసి ఉంటుంది. ఆ పేజీ కంపెనీని కాపాడుతుంది, మిమ్మల్ని ఇరికిస్తుంది. మీ అబ్బాయి ఉండే దేశంలో కూడా న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో, కుక్కకు అంతకుముందు కరిచిన చరిత్ర లేకపోయినా, కరిస్తే నష్టానికి యజమానే బాధ్యుడని చట్టంలోనే ఉంది.

మరి గోడ కట్టడానికి కోర్టు ఉత్తర్వు అడ్డు కదా? ఆ ఉత్తర్వు ప్రతి ఒకసారి తీసి చదవండి. యథాతథ స్థితి వర్తించేది దావా షెడ్యూలులో చూపిన భూమికే, మీ ఇల్లంతటికీ కాదు. వివాదం లేని మీ స్థలంలోకి నాలుగడుగులు వెనక్కి జరిగి రాతి కడీలు పాతి, అయిదారు అడుగుల జాలీ బిగించి, చిన్న గేటు పెట్టించండి. ముందుగా మీ వకీలుకు ఫొటోలతో చెప్పి, ఆయన సరేనన్నాకే. ఒక హెచ్చరిక: మీ అబ్బాయి తెచ్చిన తీగను తొందరపడి ఆ వివాదపు పట్టీలో మాత్రం పాతకండి. నేలను తవ్వడం కూడా స్థితిని మార్చడమేనని అవతలివాళ్లు అర్జీ వేస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 2ఏ రూలు కింద ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు వరకు వెళ్లొచ్చు. కుక్క కోసం వేసిన తీగ మీ భూమి కేసుకు చుట్టుకుంటుంది.

జాలీ పడ్డాక కిట్ వాడాలనిపిస్తే, జాలీకి లోపల, బీప్ వరకే పెట్టి, రోజూ గొలుసుతో తిప్పుతూ హద్దు నేర్పండి. షాక్ మీట జోలికి పోవద్దన్నది నా అభిప్రాయం. రేబిస్ టీకా కార్డు, మున్సిపాలిటీ లైసెన్సు ఒకే ఫైలులో ఉంచండి. రేపు ఏదైనా జరిగితే పోలీసులు ముందు అడిగేవి అవే.

ఎదురింటాయన మందు పెడతానన్న మాట మిగిలింది. జంతువును చంపినా, విషం పెట్టినా న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. తాను అన్నది అంత పెద్ద నేరమని ఆయనకు తెలియకపోవచ్చు. కానీ ఫిర్యాదు రాయడానికి ఇప్పుడే కూర్చోకండి. ఫిర్యాదు రాస్తే ఆయన ఎందుకలా అన్నారో కూడా రాయాలి, అప్పుడు ఉగాది నాటి పిల్లాడి సంగతి మీ సంతకంతోనే రికార్డుకెక్కుతుంది. కడీలు దిగిన రోజు ఆయన్ని పిలిచి చూపించండి. ఆ పిల్లాడు ఇప్పుడు ఎలా ఉన్నాడో అడగండి, ఇప్పటిదాకా అడగలేదని మీ ఉత్తరం చూస్తే అనిపించింది. ఆ తర్వాత కూడా బెదిరిస్తే, తేదీ, సమయం, విన్నవాళ్ల పేర్లతో స్టేషన్‌లో రాసివ్వండి, రసీదు తీసుకోండి.