జమ్ములో ఉన్నది గీతల గిజిగాడే అయ్యుండాలి

తల పసుపు చూసి పోల్చడం వల్లే తికమక. తాటిచెట్టు మీది పక్షీ, చెరువు జమ్ములోదీ ఒకటేనా అని అడిగారు కదా, అవి మామూలు గిజిగాడు, గీతల గిజిగాడు అనే రెండు జాతులు. గూళ్లు కట్టే కాలంలో ఈ రెండు జాతుల మగపక్షులకీ నడినెత్తి పసుపే, ముఖం ముదురు రంగే.

1. రొమ్ము చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. గీతల గిజిగాడికి లేతరంగు రొమ్ము మీద సిరా పెన్నుతో గీసినట్టు నల్లటి నిలువు చారలుంటాయి. మామూలు గిజిగాడి మగపక్షికి ఆ చారలుండవు. పక్షి మీవైపు తిరిగేదాకా ఆగండి. వీపు ఫోటోతో తేలదు, అక్కడ రెండింటికీ చారలే.

2. గూడు: మామూలుది తాటి, ఈత, తుమ్మ చెట్లకు వేలాడుతుంది, కింద పొడవాటి గొట్టం. గీతలదాని గూడు జమ్ము కాడల్ని కలిపి అల్లి ఉంటుంది, గొట్టం పొట్టి.

3. ఆడపక్షులు మాత్రం నిజంగా తలనొప్పే. రొమ్ము చారలు గట్టిగా ఉండి, మెడ పక్కన పసుపు మచ్చ కూడా కనిపిస్తే గీతలది. లేత చారలు మాత్రమే ఉంటే నమ్మకండి, మామూలు గిజిగాడి ఆడపక్షికీ ఒక్కోసారి అవి ఉంటాయి.