హాలు లైటు విప్పే ముందు చదువు

చి. చిన్నికి మామయ్య ఆశీస్సులు.

విశాఖలో మీరు అద్దెకు దిగిన ఇంట్లో హాలు లైటు వెలగట్లేదనీ, ఎవర్నీ పిలవకుండా నువ్వే చూసుకుంటానన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది తల్లీ. చిన్నప్పుడు మీ అమ్మను ఫ్యూజు పెట్టె ఛాయలకి కూడా రానిచ్చేవాళ్లు కాదు. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నువ్వు స్టూలెక్కి హోల్డర్లో చెయ్యి పెడుతున్నట్టే కనిపిస్తోంది. అందుకే రాస్తున్నా.

ముందు ఆ బల్బు తీసి వేరే గదిలో పెట్టి చూడు. చాలాసార్లు కథ అక్కడే తేలిపోతుంది. హాల్లో ఫ్యాన్ తిరుగుతోందా? తిరిగితే బోర్డు దాకా కరెంటు వస్తున్నట్టే. ఫ్యాన్ కూడా ఆగితే ఎంసీబీ, అదే మెయిన్ బోర్డులో తనంతట తాను పడిపోయే స్విచ్, పడిందేమో చూడు. ఎత్తగానే మళ్లీ పడితే పదే పదే ఎత్తకు, ఎక్కడో షార్ట్ అయింది.

ఇవన్నీ బాగుండి లైటు వెలగకపోతేనే హోల్డర్ జోలికి వెళ్లాలి. నా భయమంతా అక్కడే.

పాలకొల్లు దగ్గర ఓ పాత పెంకుటింట్లో నాతో పనికొచ్చే కుర్రాడు హోల్డర్ మార్చడానికి నిచ్చెనెక్కాడు. స్విచ్ ఆపాకే ఎక్కాడు, నేను చూశాను. పిన్నులు వేలితో కదిపాడో లేదో, షాక్ కొట్టి కింద పడ్డాడు. మెడ కింది ఎముక విరిగింది. బోర్డు విప్పి చూస్తే, అంతకుముందు ఆ ఇంటికి వైరింగ్ చేసినవాడు స్విచ్‌కి ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ, బదులు న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెచ్చి కలిపాడు. బల్బుకి ఏ తీగ తెగినా ఆరిపోవడం ఒకటే కాబట్టి ఆ ఇంట్లోవాళ్లకి ఏళ్ల తరబడి తేడా తెలియలేదు. స్విచ్ ఆపినా 230 వోల్టులూ హోల్డర్లోనే కూర్చుని ఉన్నాయి. ఆసుపత్రి మంచం మీద ఆ పిల్లాడు “స్విచ్ ఆపానండీ, నిజంగా ఆపానండీ” అని అదే పనిగా చెబుతున్నాడు, తనని తిడతానేమోనని. వాణ్ణి తిట్టడానికేముంది? ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ఎవర్నీ స్విచ్ ఒక్కటే నమ్మి చెయ్యి పెట్టనివ్వలేదు. నిన్నూ పెట్టనివ్వను. రాత్రి స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ బల్బు మినుకుమినుకుమంటుంటే, ఇలాంటి వైరింగేమోనని అనుమానించాలి.

కాబట్టి మెయినే దించు. ఇన్వర్టర్ ఉందా? మెయిన్ దించినా ఆ లైన్‌లో అది కరెంటు పంపుతూనే ఉంటుంది. రెండూ ఆగాలి. టెస్టర్‌ని ముందే, పనిచేసే ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకో. చెడిపోయిన టెస్టర్ వెలగకపోతే కరెంటు లేదనుకుంటాం. అన్నీ ఆపాక హోల్డర్ రెండు పిన్నులకీ ఆనించి చూడు. ఎక్కడా వెలగకపోతేనే ముట్టుకో. ఇనప కుర్చీ వద్దు, చెక్క స్టూలు వేసుకో. కాళ్లకి పొడి రబ్బరు చెప్పులు. చేతులు తుడుచుకో. పోయిన సంక్రాంతికి తడి చేత్తో గీజర్ స్విచ్ వేశావని అందరి ముందూ అరిచాను కదా, నువ్వు ఆ పూట అన్నం తినలేదని మీ అత్త తర్వాత చెప్పింది. పక్కకి పిలిచి మెల్లగా చెప్పాల్సింది. ఆ క్షణంలో ఆ కుర్రాడే కళ్లలో మెదిలాడమ్మా.

మీది సముద్రం గాలి తగిలే ఊరు, పిన్నులకి చిలుం పడుతుంది. లోపలికి నొక్కుకుపోయి స్ప్రింగు రాకపోయినా, నల్లబడినా గీకుతూ కూర్చోకు, కొత్త హోల్డర్ వేసెయ్. హోల్డర్ బాగుంటే బోర్డు విప్పి, తీగలు విడదీసే ముందే ఫోటో తీసుకో. స్క్రూ కింద తీగ వదులైందేమో మెల్లగా లాగి చూడు. కొస మాడి ఉంటే అంతవరకు కత్తిరించి, కొత్త రాగి బయటపెట్టి గట్టిగా బిగించు. స్విచ్ దగ్గర మాడు వాసన వస్తే స్విచ్చే మార్చు. పాత ఇళ్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్ అని రంగు చూసి నమ్మకు.

ఇంకొకటి. ఎంసీబీ ఉంది కదా అని ధైర్యం వద్దు. అది షార్టుకీ ఎక్కువ లోడుకీ పడుతుంది గానీ, మనిషికి షాక్ కొడితే పడుతుందన్న నమ్మకం లేదు. ఆ పని చేసేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయే స్విచ్. మీ ఇంట్లో ఉందో లేదో మెయిన్ బోర్డు ఫోటో పంపు. లేకపోతే ఇంటి ఓనరుతో నేను మాట్లాడతాను.

ఇంత చేసినా వెలగకపోతే లోపం స్లాబు పైపులో ఉండొచ్చు. అక్కడితో ఆపి వైర్‌మన్‌ని పిలువు. ఆదివారం పగటిపూట చెయ్యి, తమ్ముణ్ణి మెయిన్ దగ్గర నిలబెట్టు, ఎవరూ వచ్చి ఎత్తకుండా. మొదలుపెట్టే ముందు నాకోసారి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య