పదికి నాలుగే పడ్డాయా? పడనివ్వండి!

ఈసారి ఫుట్‌బాల్ ప్రశ్నలు మాత్రమే తీసుకున్నాను. క్రికెట్ వాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, కాలేజీ గ్రౌండ్‌లో రోజూ సాయంత్రం గోల్‌కి షాట్లు కొడుతుంటాను. నిన్న పదికి ఎనిమిది లోపలికి పోయాయి, ఇవాళ నాలుగే. అసలు నా ఆట మెరుగవుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఏదైనా యాప్ వాడమంటారా?
– ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ముందు ఆ నాలుగుని చూసి టెన్షన్ పడటం మానెయ్. పదికి ఆరు కొట్టే సత్తా ఉన్నవాడికి కూడా ఒకరోజు నాలుగు, ఇంకోరోజు ఎనిమిది పడటం మామూలే, పది బంతులంటే అంత చిన్న లెక్క మరి. అదే వంద బంతుల మీద చూస్తే వాడు దాదాపు ఎప్పుడూ యాభైకీ డెబ్భైకీ మధ్యే ఉంటాడు. అందుకని ఏ రోజుది ఆ రోజు రాసుకో, కానీ ఆ రోజే దాన్ని చూసి సంబరపడకు, ఏడవకు. వారం మొత్తం కూడి పోయిన వారంతో పోల్చు.

ఇంకో సంగతి. ‘లోపలికి పోయింది’ అన్నది గురి కిందికి రాదు. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న గోల్‌లోకి, కీపర్ కూడా లేనప్పుడు, ఎక్కడో ఒకచోట బంతి దూరడంలో ఏముంది? ఆ కొలతలు ఒకసారి చూడు, 2.44ని మూడు పెట్టి గుణిస్తే సరిగ్గా 7.32. అంటే గోల్‌లో మూడు చదరపు గళ్లు పక్కపక్కన సరిపోతాయన్నమాట. పై బార్‌కి రెండు చోట్ల పాత గుడ్డ పీలికలు వేలాడగట్టు, మూడు గళ్లు వచ్చేస్తాయి. సగం ఎత్తులో ఈ పోస్టు నుంచి ఆ పోస్టుకి ఒక తాడు లాగితే ఆరు. ఇక కొట్టే ముందు ‘కింద ఎడమ’ అని పైకి చెప్పు. మనసులో అనుకుంటే కుదరదు, బంతి ఎటు పోతే అటే కొడదామనుకున్నానని మనకి మనమే సర్దిచెప్పుకుంటాం. చెప్పిన గడిలో పడితే రెండు, వేరే గడిలో పడితే ఒకటి, బయటికి పోతే సున్నా.

అసలు సరుకంతా ఆ సున్నాల్లోనే ఉంది. బయటికి పోయిన ప్రతి బంతికీ అది ఎటు పోయిందో ఒక్క అక్షరం రాసిపెట్టు: ఎ, కు, పై. వారానికోసారి తిరగేస్తే నీ తప్పు నీకే కనిపిస్తుంది. ‘పై’లే ఎక్కువున్నాయంటే కొట్టేటప్పుడు ఒళ్లు వెనక్కి వాలుతోంది, లేదంటే నేల మీద ఆనించే కాలు బంతికి బాగా వెనకాల పడుతోంది, దాంతో తన్నే పాదం బంతి కిందికి దూరి పైకి లేపేస్తోంది. అన్నీ ఒకే పక్కకి పోతుంటే ఆనించిన పాదం వేళ్లు ఎటు చూస్తున్నాయో, తన్నే కాలి చీలమండ బిగిసి ఉందో సడలిపోతోందో చూసుకో. ఓసారి ఎడమకి, ఓసారి కుడికి, ఓసారి ఆకాశంలోకి పోతుంటే మాత్రం చాలావరకు పరుగులోనే తేడా ఉంటుంది, రోజుకో రకంగా పరుగెత్తుకొస్తున్నావన్నమాట. బంతి దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్లు, రోజూ అన్నే అడుగులు, అదే వైపు నుంచి.

ఫోన్ పనికొచ్చేది ఇక్కడే. ఎవరినైనా నీ వెనకాల నిలబెట్టి స్లో మోషన్‌లో తీయమను, కానీ తన్నే కాలు కాదు, ఆనించే కాలు తీయమను. కుర్రాళ్లంతా తన్నే కాలునే చూసి మురిసిపోతుంటారు. ఆ రెండోది బంతి పక్కన జానెడు దూరంలో, వేళ్లు గురి వైపు ఉండేలా పడిందంటే సగం పని అయిపోయినట్టే. లెక్కలకి యాప్ ఎందుకు, రెండొందల పేజీల నోట్‌బుక్ చాలు. బంతి స్పీడు చూపించే యాప్‌లైతే అసలొద్దు, స్పీడు పిచ్చి పట్టిందంటే గురి గంగలో కలుస్తుంది.

అన్నట్టు, మొదటి పది, చివరి పది విడిగా రాయి. చివరి పది ఎప్పుడూ పడిపోతుంటే నీకు కావలసింది ఇంకో వంద షాట్లు కాదు, దమ్ము.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మాది అపార్ట్‌మెంట్, గ్రౌండ్ దూరం. ఇంటి దగ్గర ఏం చేయించాలి? వాళ్ల నాన్నగారు రోజూ స్కోరు రాస్తానంటున్నారు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ముందు బంతి చూడండమ్మా. పెద్దవాళ్లు ఆడేది 5వ సైజు, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. తొమ్మిదేళ్ల పిల్లాడికి అది ఎక్కువ, 4వ సైజు కొనండి. పెద్ద బంతితో తంటాలు పడే పిల్లలు బొటనవేలితో పొడవడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు మాన్పించేసరికి కోచ్‌ల తల ప్రాణం తోకకొస్తుంది.

గోల్ లేకపోతే ఏం, పార్కింగ్‌లో రెండు వాటర్ బాటిళ్లలో నీళ్లు నింపి నిలబెట్టండి. పాదం లోపలి వైపుతో నేలబారుగా వాటి మధ్య నుంచి పంపాలి. పదికి ఎనిమిది పోతున్నాయంటే బాటిళ్లు కాస్త దగ్గరికి జరపండి, ఐదు కూడా పోకపోతే దూరం జరపండి. ఖాళీ గోడ ఉంటే సుద్దముక్కతో ఒక చదరం గీస్తే సరి, తిరిగొచ్చిన బంతిని ఆపడం కూడా వస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వద్దు, కింది ఫ్లాట్ వాళ్లు పడుకుంటారు, మీకు సొసైటీ మీటింగ్ తప్పదు.

ఇక వాళ్ల నాన్నగారి స్కోరు సంగతి. ఆయన్ని రాయనివ్వకండి. బాబునే రాసుకోనివ్వండి, ఒకరోజు మర్చిపోతే మర్చిపోయాడు. ఆయనకి అంత ఉత్సాహంగా ఉంటే బంతులు ఏరి ఇవ్వమనండి.

ప్రశ్న: ఎడమ కాలు అసలు పనికిరాదు సార్. వదిలేసి కుడి కాలే బాగా సానబెట్టుకోమంటారా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: హైదరాబాద్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్ వింటే ఊరుకునేవారు కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్లిన ఆయన, అలవాటు లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవారు. నువ్వూ మూడు బంతులకి ఒకటి ఎడమ కాలితో కొట్టు, దగ్గర నుంచి, నెమ్మదిగా. లెక్క మాత్రం వేరే పేజీలో, కుడి కాలి మార్కులతో కలిపావంటే నాలుగు రోజుల్లో ఎడమ కాలు మానేస్తావు.

ప్రశ్న: పెనాల్టీ పైకి కొట్టాలా, కిందికా?
– హైస్కూల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: పై మూలకి పడితే కీపర్ ఆపడం చాలా కష్టం, నిజమే. కానీ 11 మీటర్ల నుంచి పై మూలకి గురి పెడితే బార్ మీదుగా, పోస్టు పక్కనుంచి పోయేవీ ఎక్కువే. ప్రాక్టీసులో రెండూ కొట్టు. పై గడుల్లో నీ వంద బంతుల లెక్క బాగుందంటే మ్యాచ్‌లోనూ పైకే కొట్టు. లేకపోతే కింద, పోస్టు వారగా.