ఏడో నంబరు కాటేజీ

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నిన్ను మెచ్చుకోవాలనిపించింది. రెండోసారి చదివినప్పుడు మొదటి మూడు పేజీలు తీసేయమని చెప్పాలనిపించింది. ఆ రెండు అభిప్రాయాలూ ఇప్పటికీ మారలేదు.

నీ రచన "రాక్షస అల నా బాల్యాన్ని మింగేసింది" అన్న వాక్యంతో మొదలవుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి హిందూ మహాసముద్రం చుట్టూ ఏం జరిగిందో పాఠకుడికి ఎంతో కొంత తెలుసు. అతనికి బొత్తిగా తెలియనిది, అంతకు రెండేళ్ల ముందు, తొమ్మిదేళ్ల వయసులో, థాయ్‌లాండ్‌లోని ఖావో లాక్ దగ్గర, బాంగ్ నియాంగ్ తీరంలో అమ్మానాన్నలతో నువ్వు వారం రోజులు గడిపిన ఆ కాటేజీ ఒక్కటే. దానిని నాలుగో పేజీ దాకా చూపించకపోగా, చూపించే లోపే కూల్చేశావు. కట్టని ఇల్లు కూలితే ఎవరికి బాధ?

అది ఎలా ఉండేదో నాకు కొంత తెలుసు. 1996లో ఒక నవల పూర్తి చేద్దామని అదే తీరంలో, కాస్త దక్షిణాన ఉన్న నాంగ్ థోంగ్‌లో పదకొండు రోజులు ఉన్నాను. (నవల పూర్తి కాలేదు. సముద్రం ఎదురుగా ఉంటే బాగా రాయగలమన్నది రాయని వాళ్ల నమ్మకం.) నేల నుంచి మూడడుగుల ఎత్తున కర్ర స్తంభాల మీద నిలబెట్టిన గది, వెదురు తడికల గోడలు, ఆకుల కప్పు, ఒక దోమతెర, ముందు ఇద్దరు కూర్చునేంత వసారా, ఇంతే దాని సంపద. ఉప్పుగాలికి తలుపు చెక్క ఉబ్బిపోయి, భుజంతో నెడితే తప్ప మూతపడేది కాదు. మెట్ల పక్కన ఒక మట్టి తొట్టి, అందులో తేలుతూ ఒక కొబ్బరిచిప్ప ఉండేవి; కాళ్ల ఇసుక కడుక్కుని ఎక్కాలి. ఎంత కడిగినా పక్క మీద ఇసుక ఉండేది. రాత్రి జనరేటర్ ఆగిపోగానే పంకా ఆగేది, అప్పటిదాకా వినపడని సముద్రం ఒక్కసారిగా గదిలోకి వచ్చినట్లుండేది, ఆ పైన కప్పులో ఎక్కడో దాగిన టోకే అనే పెద్ద బల్లి తన పేరు తనే చెప్పుకుంటున్నట్లు ఏడెనిమిదిసార్లు అరిచి, చివరి అరుపును సగంలో మింగేసేది.

నీ రచనలో ఇలాంటివి లేకపోలేదు. తడిక సందుల్లోంచి పడ్డ ఎండ చారలను మీ నాన్నగారి వీపు మీద వేలితో లెక్కపెట్టిన ఆ నాలుగు పంక్తులు నేను రాసి ఉంటే బాగుండుననిపించింది. అయితే ఆ వెంటనే "స్వర్గతుల్యమైన ఆ రిసార్టు" అన్నావు. రిసార్టు అనగానే పాఠకుడి కళ్ల ముందు ఈతకొలను, తెల్లటి తువ్వాళ్లు వచ్చి కూర్చుంటాయి, నీ తడిక గోడ మాయమవుతుంది. పైగా స్వర్గంలో దోమలుండవు. పోయిన దాని లోపాలు చెప్పడం అపచారమని నీకెవరో నేర్పినట్లున్నారు. నా అనుభవంలో, కారే కప్పునూ మూతపడని తలుపునూ చెప్పినప్పుడే చదివేవాడు ఆ గదిలోకి వచ్చి కూర్చుంటాడు.

ఇంకో దోషం దీనికంటే పెద్దది. అయిదో పేజీలో, 2003 జనవరి సాయంత్రం, సముద్రం "ఏదో రహస్యాన్ని దాచుకున్నట్లు" నవ్వింది. అది ఏమీ దాచుకోలేదు. ఆ సాయంత్రం నీకు తెలిసింది ఆకలి, కాళ్లకంటిన ఇసుక, రేపు పడవ ఎక్కిస్తారా లేదా అన్న బెంగ. తర్వాత తెలిసిన దానిని ముందటి రోజుల మీద పులమకు. ఆ వారం రోజులకు ఆ హాయి ఉండనివ్వు.

వినాశనం గురించి రాయక తప్పని చోట కచ్చితంగా రాయి. నువ్వు ఏడుచోట్ల దానిని "ఉప్పెన" అన్నావు. ఉప్పెన తుఫానుతో వస్తుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచినది అది. గాలి, వాన, నల్లబడిన ఆకాశం ముందుగా వచ్చి, నీటిని తీరం మీదికి తోస్తాయి. ఖావో లాక్‌లో ఆ ఆదివారం ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది ఉదయం 7:58కి. నీళ్లు ఈ తీరం చేరడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ జనం ఫలహారాలు చేశారు, పిల్లలు ఇసుకలో ఆడుకున్నారు. భూకంపంలో సముద్రగర్భం తూర్పువైపు కుంగి, పడమటివైపు లేచింది గనుక థాయ్‌లాండ్ తీరంలో నీళ్లు మొదట వెనక్కి పోయాయి, బయటపడ్డ సముద్రపు నేలను చూడటానికి మనుషులు ముందుకు నడిచారు. శ్రీలంక వైపు మొదట నీళ్లు ముందుకే వచ్చాయి. నీ రచనలో రెండు తీరాలనూ ఒకే వాక్యంలో కలిపేశావు, అది సరిదిద్దు. ఆ రోజు పౌర్ణమి అన్న సంగతి కూడా నువ్వు గమనించినట్లు లేదు. ముందు రాత్రి ఆ వసారాల్లో దీపాలార్పి కూర్చున్న వాళ్లకు ఎంత వెన్నెల కనిపించి ఉంటుందో ఆలోచించు. ఆలోచించి, రాయకుండా వదిలేసినా నాకు అభ్యంతరం లేదు.

బాంగ్ నియాంగ్‌లో అల కిలోమీటరుకు పైగా లోపలికి మోసుకుపోయిన పోలీసు గస్తీ పడవ, 813 నంబరుది, ఇప్పటికీ అది చేరిన చోటనే స్మారకంగా ఉంది. అంత పడవే అంత దూరం పోయిన చోట తడిక గోడల మాట వేరే చెప్పాలా? నువ్వు ఆ గోడలు కొట్టుకుపోవడాన్ని పేజీన్నర వర్ణించావు. పడవ ఒక్క వాక్యం చాలు.

ఇక కాస్త కటువుగా చెప్పాల్సిన మాట. థాయ్‌లాండ్‌లో మరణించిన సుమారు 5,400 మందిలో ఎక్కువమంది ఖావో లాక్ ఉన్న ఫాంగ్‌ఙా ప్రాంతంలోనే పోయారు. కూలిపనికి మయన్మార్ నుంచి వచ్చి, ఏ లెక్కలోనూ చేరకుండా పోయిన వాళ్లూ అక్కడ ఉన్నారు. నువ్వు, నేను అక్కడ అతిథులం. మనకు పోయింది ఒక జ్ఞాపకపు చిరునామా. ఆ గదులు కట్టి, ఊడ్చి, దోమతెరలు ఉతికి బతికిన వాళ్లకు పోయింది ఇల్లు, పని, మనుషులు. నీ బెంగ చిన్నదని దాచుకోనక్కర లేదు, అయితే దాని కొలతలోనే రాయి. ఉదయాన్నే వచ్చి తొట్టి నింపే ఆమెను నువ్వు "పనిమనిషి" అని ఒక్క మాటలో దాటేశావు. ఆమె నీతో ఏం మాట్లాడేది? భాష రాకపోతే సైగలుంటాయి కదా.

తొమ్మిదో పేజీలో, ఒకే ఒక్క వాక్యంలో, మీ అమ్మగారు తిరిగి ఇవ్వడం మరిచి ఆ కాటేజీ తాళంచెవిని ఇంటికి తెచ్చేశారనీ, పోస్టులో పంపుదామని కవరు మీద చిరునామా కూడా రాసి పెట్టారనీ, అది ఇప్పటికీ బీరువాలో ఉందనీ రాశావు. నేను అక్కడ ఆగిపోయాను. మిగిలిన అయిదు పేజీలు చదవడానికి మర్నాటి దాకా పట్టింది. నీ రచన మొదలవ్వాల్సింది ఆ కవరుతో. తాళంచెవికి వేలాడే చెక్కముక్క మీద 7 అంకె ఉందన్నావు. అది చెక్కారా, రంగుతో రాశారా, రంగయితే ఏ రంగు, వేలు పెట్టి రుద్దితే ఇంకా అంటుకుంటుందా? బీరువా తెరిచి, చూసి, రెండో ప్రతి పంపు.