జడ కొసకు రంగు వేసుకునే ముందు

సాలిగ్రామం, చెన్నై

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. జుట్టు కొసలకు నెమలికంఠం రంగు వేసుకోవాలని ఉందనీ, అమ్మకు చెప్పవద్దనీ రాశావు. మీ అమ్మ సంగతి చివర్లో చూద్దాం. నన్ను అడగడం మాత్రం మంచి పని చేశావు. వడపళనిలో విజయా వాహినీ స్టూడియోలు కళకళలాడిన రోజుల నుంచి ముప్పై ఏళ్లకు పైగా సవరాలు, కొప్పులు, విగ్గుల మీదే బతికినదాన్ని.

జడ చివర రంగు మనకేమీ కొత్త కాదు. మీ అమ్మమ్మ పెళ్లి ఫోటోలో జడకుచ్చులు నల్లగా కనిపిస్తాయి కానీ అవి ఎర్రటి పట్టుకుచ్చులు, నేను చేత్తో పట్టుకుని చూశాను. కాకపోతే వాటిని రాత్రికి విప్పి పెట్టెలో పెట్టుకునేవారు. నీ రంగును విప్పాలంటే కత్తెర ఒక్కటే దారి. కొసలకే వేసుకుంటున్నావు కాబట్టి ఆ కత్తెరకు కూడా పెద్దగా భయపడనక్కరలేదు. మాడు మీద మందు పడదు, నెల తిరిగేసరికి కుదుళ్ల దగ్గర నల్లగా బయటపడే బాధా ఉండదు.

నువ్వు రంగు గురించి అడిగావు, నేను బ్లీచి గురించి చెబుతాను. మన నల్ల జుట్టు మీద నీలం పూస్తే బొగ్గు మీద సిరా పోసినట్టే, ఎండలో నిలబడి వెతుక్కోవాలి. ముందు లోపలి నలుపును తీయాలి. ఆ పని చేసేది బ్లీచి పొడి, అందులో కలిపే హైడ్రోజన్ పెరాక్సైడ్. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అందులో పెరాక్సైడ్ 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12. నీకు 20 చాలు. పార్లర్లో ఎవరైనా 40 చేతిలోకి తీసుకున్నారంటే, కొసలను కాపాడటం కన్నా తరవాతి కస్టమర్‌ను కూర్చోబెట్టడం మీదే వాళ్ల ధ్యాస ఉందని అర్థం. మొహమాటపడకుండా లేచి వచ్చేయ్.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరో, కాస్త ఎక్కువో పెరుగుతుంది. నీ జుట్టు నడుము దాకా ఉంది. అంటే ఇప్పుడు నువ్వు రంగు వేయాలనుకుంటున్న కొసలు, నువ్వు పదో తరగతి పరీక్షలు రాసే రోజుల్లో తల మీద మొలిచినవి. అప్పటి నుంచి ఎన్ని దువ్వెనలు, ఎన్ని ఎండలు, బోరు నీళ్లతో ఎన్ని తలస్నానాలు చూశాయో. తలలో అందరికన్నా ముసలివాళ్ల మీద అన్నిటికన్నా ఘాటైన మందు వేస్తున్నావన్నమాట. అందుకే ముందు అర అంగుళం కత్తిరించి, చిట్లిన కొసలు పోయాకే మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి నిజం చెప్పు. గత అయిదేళ్లలో గోరింటాకు పెట్టావా? ఆకు నూరి పెట్టుకున్నదైతే దాని ఎరుపు ఒక పట్టాన వదలదు, నారింజ దగ్గరే ఆగిపోతుంది, అంతే. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొడులు వేరు. కొన్నింటిలో లోహ లవణాలుంటాయి, అవి పెరాక్సైడ్ తగలగానే వేడెక్కుతాయి. ఇది నేను చదివి చెబుతున్నది కాదు. ఒకసారి ఒక అమ్మాయి రేపే షూటింగు అని తొందరపెడితే, ఏం రాశావని అడగకుండానే బ్లీచి పెట్టాను. అయిదు నిమిషాలకు జుట్టుకు చుట్టిన ఫాయిల్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. విప్పి కడిగితే కొసలు ఉడికిన సేమియాలా సాగి నా వేళ్లకే వచ్చేశాయి. జానెడు జుట్టు కత్తిరించాను. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రోజు నుంచి సవరం మీద చూడందే ఎవరి తలా ముట్టుకోలేదు. నువ్వూ అదే చెయ్. దువ్వెనకు వచ్చిన నీ వెంట్రుకలు పోగేసి, దారంతో పాయ కట్టి, దానికి ముందు బ్లీచి, తరవాత రంగు వేసి చూడు. ఎంతసేపటికి ఏ రంగుకు వచ్చిందో కాగితం మీద రాసుకో. తడిపి కొంచెం లాగితే సాగి మళ్లీ వెనక్కి రావాలి. సాగి అలాగే ఉండిపోయినా, తెగినా ఆశ మానుకుని నిజం సవరం కొనుక్కో. తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. విగ్గుల వ్యాపారానికి మన చెన్నై పెద్ద కేంద్రం, ఇక్కడ మంచి సవరానికి కరువు లేదు. క్లిప్పుతో పెట్టుకునే పాయలకు నీకు నచ్చిన రంగు వేసిస్తాను. దూరం నుంచి చూస్తే తేడా దేవుడికి కూడా తెలియదు.

ఇక రంగు ఎంపిక. బ్లీచి పెడితే నలుపు కాస్తా ముందు ఇటుక రంగుకు, తరవాత నారింజకు, తరవాత మామిడిపండు రంగుకు, చివరికి అరటిపండు గుజ్జులాంటి లేత పసుపుకు వస్తుంది. ప్రతి మెట్టు దిగడానికీ వెంట్రుక కొంత బలం చెల్లించుకుంటుంది. నారింజ మీద నీలం వేస్తే రెండూ కొట్టుకుని బురద మిగులుతుంది. పసుపు మీద శుద్ధ నీలం వేస్తే ఆకుపచ్చ అవుతుంది. వంగపండు రంగు కూడా పసుపు మీద చప్పబడిపోతుంది. నీ నెమలికంఠంలో ఎలాగూ పచ్చ ఉంది కాబట్టి పసుపును భరిస్తుంది, కానీ నారింజను దాటి పసుపు దాకా రావాల్సిందే. రాణి రంగు, కనకాంబరం, ఎరుపు అయితే నారింజ మీద కూడా నిండుగా కూర్చుంటాయి. మొదటిసారికి రాణి రంగు వెయ్యమంటాను. అదెందుకో నీకు నచ్చదని తెలుసు.

మొదటిరోజు ఎలా ఉంటుందన్నది చూసి రంగు ఎంచుకోవద్దు, నెల తరవాత ఎలా వెలుస్తుందో చూడు. ఈ మెరిసే రంగులు వెంట్రుక పైపొరల్లోనే ఉంటాయి, ప్రతి తలస్నానానికీ కొంత పోతాయి. రాణి రంగు వెలిసి గులాబీ అవుతుంది, అదీ అందమే. నెమలికంఠం వెలిస్తే నాచు రంగు. తీరా అదే కావాలంటే వేస్తాను, తరవాత నా మీద అలగకూడదు.

బ్లీచి ప్లాస్టిక్ గిన్నెలోనే కలపాలి, స్టీలు, ఇత్తడి వద్దు. చేతులకు తొడుగులు వేసుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. చిన్నప్పుడు నీకు ఆయాసం ఉండేది, గుర్తుందా? ఆ పొడిలో ఉండే పర్సల్ఫేట్లు అనే రసాయనాలు ఉబ్బసాన్ని రేపుతాయి. ఆఖరి ఏళ్లలో నా దగ్గు కూడా దానివల్లేనని డాక్టరు చెప్పాడు. కాబట్టి నీకు పొడి నేనే కలుపుతాను, నువ్వు వరండాలో కూర్చో. పది నిమిషాలకోసారి ఒక పాయ తుడిచి చూడాలి. ప్యాకెట్ మీద రాసిన గడువు దాటకూడదు. అప్పటికీ రంగు రాకపోతే కడిగేసి రెండు వారాలు ఆగి మళ్లీ పెట్టాలి, అంతేకానీ ఒకే పూటలో రెండుసార్లు కాదు. అన్ని పాయలకూ ఒకే ఎత్తు నుంచి మొదలుపెడితే గోడకు సున్నం కొట్టే కుంచెలా ఉంటుంది. ఒకటి నాలుగు వేళ్లు, ఒకటి ఆరు వేళ్లు, అలా ఎగుడుదిగుడుగా ఉండాలి.

తరవాత చన్నీళ్లు, వారానికి రెండుసార్లకు మించని తలస్నానం. కుంకుడుకాయ మంచిదే కానీ అదీ నురుగే, రంగును మోసుకుపోతుంది. తలంటుకు ముందురోజు రాత్రి కొసలకు కొబ్బరినూనె రాస్తే జుట్టులోని ప్రొటీను తక్కువగా పోతుంది. మీ హాస్టల్లో బోరు నీళ్లే అయితే చివరి చెంబు మెట్రో వాటర్‌తో, అంటే నగర కుళాయి నీళ్లతో, పోసుకో. క్లోరిన్ ఉన్న ఈతకొలను జోలికి వెళ్లవద్దు. మన ఊరి చెమటకు మొదటి రెండు వారాలు తెల్ల కుర్తాల వీపులు పాడవుతాయి, దిండు గలీబు మీదా మరకలు పడతాయి. ముదురు రంగు బట్టలే కట్టుకో.

మేనత్త కూతురి పెళ్లికి నెల్లూరు వెళ్లే ముందు భయపడి నల్లరంగు డబ్బా కొనవద్దు. బ్లీచి పెట్టిన జుట్టుకు నలుపు సమానంగా పట్టదు. పైగా ఆ డబ్బాల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అది కొందరి ఒంటికి పడదు. చెవి వెనక కాస్త రాసి 48 గంటలు చూడకుండా వాడితే ముఖం వాచిపోయిన వాళ్లను చూశాను. కొసలు లోపలికి మడిచి ముడి వేసి, చుట్టూ రెండు మూరల మల్లెపూలు పెడితే ఏ పెద్దమ్మా కనిపెట్టలేదు, నేను తప్ప.

వచ్చే ఆదివారం ఉదయం రా. పాత తువ్వాలు, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు తెచ్చుకో. మీ అమ్మకు నువ్వే చెప్పి రావాలి, దాని దగ్గర దాచే పని నాకు పెట్టవద్దు. నలభై ఏళ్ల కిందట అది జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని వచ్చినప్పుడు మా నాన్న ముందు దానికి అడ్డం నిలబడింది నేనే, అది గుర్తుచెయ్.

సీసాలో రంగు మిగిలితే పారేయవద్దు. నా తల పూర్తిగా నెరిసింది, దీనికి బ్లీచే అక్కరలేదు. జడ చివర రెండు వేళ్ల మేర ఎలా పడుతుందో చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ