భిన్నాలు మొదలుపెట్టే ముందు

అమ్మలూ,

వచ్చే వారం నాలుగో తరగతికి భిన్నాలు చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు అన్నావు కదా, ఫోన్‌లో అయితే సగం సగం అవుతుందని రాస్తున్నా. ముందుగా ఒక మాట. బోర్డు మీద గీత గీసి పైన ఒకటి, కింద రెండు వెయ్యడం ఎంత ఆలస్యం చేస్తే అంత మంచిది. లవం, హారం అనే పేర్లు ఇంకా తర్వాత. సిలబస్ టెన్షన్ ఉంటుంది, కాదనను, కానీ ఇక్కడ పరుగెత్తితే ఆ పిల్లలు హైస్కూల్లో కూడా తడబడుతూనే ఉంటారు.

సగం, పావు నువ్వు కొత్తగా నేర్పక్కర్లేదు. పావుకిలో పచ్చిమిర్చి, అరలీటరు పాలు, గంటన్నర ప్రయాణం, ఇవన్నీ ఇంట్లో రోజూ వినేవే. ముక్కలు సమానంగా ఉండాలన్నదే వాళ్ళకి నిలబడదు. బొమ్మని అడ్డదిడ్డంగా మూడు ముక్కలు చేసి, ఒకదానికి రంగేసి, మూడో వంతు అనేస్తారు. అందుకని ఒక చిక్కీని కావాలనే చిన్నా పెద్దా ముక్కలుగా విరిచి, ఇద్దరికిచ్చి, ఇదిగో చెరి సగం అని చూడు. క్లాసంతా అరుస్తుంది. అప్పుడు అడుగు, ఎందుకు సగం కాదో చెప్పమని.

ఆ తర్వాత కాగితం. అందరూ గుండ్రటి రొట్టె బొమ్మతో మొదలుపెడతారు గానీ నాకది నచ్చదు, సగానికీ పావుకీ బాగానే ఉంటుంది, మూడు సమాన భాగాలు చెయ్యమంటే మనకే చేతకాదు. పొడుగు కాగితం పట్టీలు ఇవ్వు, వాళ్ళనే మడవనివ్వు. రెండు మడతలకి నాలుగు భాగాలు వచ్చాయి కదా, ఇంకో మడతకి ఎన్ని అని విప్పకముందే అడిగితే చాలామంది ఆరు అంటారు. తప్పని చెప్పకు, విప్పి లెక్కపెట్టుకోమను.

మడతలతో మూడో వంతు తిన్నగా రాదు కాబట్టి గళ్ళ నోటుపుస్తకంలోంచి 12 గళ్ళ పట్టీ కత్తిరించు. పన్నెండే ఎందుకంటే సగం 6 గళ్ళు, మూడో వంతు 4, పావు 3, ఆరో వంతు 2, అన్నీ పూర్తి గళ్ళే. నాలుగు కింద ఉంటే పెద్దది అనుకుని పావు సగం కంటే ఎక్కువ అనేవాడు కూడా పట్టీలు పక్కపక్కన పెట్టగానే సర్దుకుంటాడు. ఇక్కడే ఇంకో చిక్కుంది. కింద అంకె పెద్దదైతే భిన్నం చిన్నది అని సూత్రంలా పట్టుకుని, నాలుగింట మూడు వంతుల కంటే మూడింట రెండు వంతులే ఎక్కువ అంటారు. పట్టీ మీద చూపించు, ఒకటి 9 గళ్ళు, ఇంకోటి 8. చదివేటప్పుడు కూడా మూడు బై నాలుగు అనిపించకు, కొన్నాళ్ళు నాలుగింట మూడు వంతులనే అనిపించు, ముందు ఎన్ని ముక్కలు చేశామో, తర్వాత ఎన్ని తీసుకున్నామో ఆ వరుసలోనే నోటికొస్తుంది.

చింతగింజలు తప్పకుండా పెట్టు. 12 గింజల్లో నాలుగో వంతు తియ్యమంటే నాలుగు గింజలు తీసేవాళ్ళు ప్రతి క్లాసులో ఉంటారు. ఒక్క వస్తువుని ముక్కలు చేసినప్పుడు అర్థమైంది, కుప్పని పంచేటప్పుడు అర్థం కాదు, ఈ రెండూ వేరు వేరుగా చెప్పాల్సిందే. నలుగురిని పిలిచి ఆ గింజలు పంచమను, ఒక్కొక్కరికీ మూడేసి వస్తాయి. దేనిలో సగం అనేది కూడా మధ్యమధ్యలో అడుగుతుండు, చిన్న గ్లాసులో సగం నీళ్ళూ బిందెలో సగం నీళ్ళూ ఒకటేనా అని.

దుకాణాల్లో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ ముక్కల కిట్లు కొనకు, పాత క్యాలెండర్ కాగితాలు చాలు.

కూడికలు మాత్రం ఇప్పుడే వద్దు. ఎవడైనా అడిగితే, సగానికి మూడో వంతు కలిపి ఐదింట రెండు వంతులు అంటాడు, పైవి పైకి, కిందవి కిందకి కలిపేసి. అప్పుడు సూత్రం చెప్పకుండా అదే పట్టీ ఇవ్వు. ఆరు గళ్ళూ నాలుగు గళ్ళూ కలిపితే పది, 12 గళ్ళలో పది. తను చెప్పిన ఐదింట రెండు వంతులు సగం కంటే కూడా తక్కువ కదా, కలిపితే తగ్గిందేమిట్రా అని అడుగు, తర్వాత వాణ్ణే తంటాలు పడనివ్వు.

పెద్దమ్మ