లీగ్ మ్యాచులన్నీ అయిపోయాక మళ్లీ ఈ ఏసీసీ టోర్నమెంట్ ఎందుకు?

మీరు నార్త్ కరోలినాకి కొత్తగా వచ్చానన్నారు. మార్చి రాగానే ఆఫీసులో అందరూ ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే కాలేజీల లీగ్) బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ధ్యాసలోనే ఉంటున్నారని, సీజనంతా ఆడి ఎవరెక్కడున్నారో తేలిపోయాక మళ్లీ అవే కాలేజీ టీములకి ఇంకో టోర్నమెంట్ దేనికని అడిగారు. నేను రాలీలో ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. అందుకని మా టీమ్ కథతోనే జవాబు చెబుతాను.

ముందు అసలు సంగతి. దేశమంతా చూసే మార్చ్ మ్యాడ్‌నెస్‌లో, అంటే కాలేజీల జాతీయ టోర్నమెంట్‌లో, 68 టీములకే చోటు. అందులో సగానికి పైగా టీముల్ని సీజన్‌లో ఎలా ఆడారో చూసి కమిటీ ఎంపిక చేస్తుంది. మిగతావాళ్లు కమిటీ దయ అక్కర్లేకుండా నేరుగా వెళ్తారు, తమ కాన్ఫరెన్స్ (ఏసీసీలాంటి లీగ్) టోర్నమెంట్ గెలిస్తే చాలు. ఐపీఎల్‌లో మొదటి నాలుగు స్థానాల్లో లేకపోతే ఇంటికి పోవాల్సిందే. ఇక్కడ పదో స్థానంలో ఉన్నవాడికి కూడా ఇంకో అవకాశం ఉంటుంది. కాకపోతే ఒక్క మ్యాచ్ ఓడినా కథ ముగిసినట్టే.

2024లో ఆ పదో స్థానం మాదే. వరసగా నాలుగు మ్యాచులు ఓడి, 17 గెలుపులు, 14 ఓటములతో టోర్నమెంట్ జరిగే వాషింగ్టన్ వెళ్లాం. అప్పుడు ఏసీసీలో ఉన్న 15 టీములూ టోర్నమెంట్ ఆడేవి. మొదటి నాలుగు టీములు గురువారం దిగితే సరిపోతుంది. మాలాంటి, అడుగున ఉన్న ఆరు టీములకి మాత్రం మంగళవారం నుంచే మొదలు. అంటే కప్పు కావాలంటే అయిదు రోజుల్లో అయిదు గెలవాలి. ఏసీసీలో అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు. మా కోచ్ కెవిన్ కీట్స్ ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నదే మా ఊళ్లో అప్పటి చర్చ.

మంగళవారం లూయివిల్, బుధవారం సిరాక్యూస్, గురువారం రెండో సీడ్ డ్యూక్. మూడూ గెలిచారు. శుక్రవారం వర్జీనియాతో సెమీఫైనల్. ఆ మ్యాచ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఇంకో అయిదు సెకన్లే ఉన్నాయి. వర్జీనియా 58, మేం 55. వాళ్ల ఆటగాడు ఫ్రీ త్రో (ఫౌల్‌కి ఇచ్చే షాట్) వేస్తున్నాడు. మొదటిది పడితేనే రెండోది వేయనిచ్చే పరిస్థితి. పడితే మా పని అయిపోయినట్టే. పడలేదు. బంతి మా మైకేల్ ఓకానెల్ చేతికి వచ్చింది. కోర్టు ఆ చివరి నుంచి పరిగెత్తుకొచ్చి, టైమ్ అయిపోతుండగా మూడు పాయింట్ల గీత బయటి నుంచి విసిరాడు. బంతి బోర్డుకి తగిలి, రింగు మీద కదిలి కదిలి లోపలికి పడింది. మా ఆవిడకి బాస్కెట్‌బాల్ అస్సలు పట్టదు, నా కేకకి లేచి వచ్చి ఓవర్‌టైమ్ అంతా సోఫా పక్కన నిలబడే చూసింది. 73–65తో గెలిచాం.

మర్నాడు ఫైనల్ ఒకటో సీడ్ నార్త్ కరోలినా యూనివర్సిటీతో, మా చిరకాల ప్రత్యర్థితో. రాలీకి ఆ పేరంటేనే పౌరుషం. అయిదో రోజు అయిదో మ్యాచ్, కాళ్లు ఆడవనుకున్నాను. ఆరడుగుల తొమ్మిదంగుళాల మా డీజే బర్న్స్ మాత్రం వీపుతో మనిషిని మెల్లగా వెనక్కి నెట్టుకుంటూ వెళ్లి, ఎడమ చేత్తో పువ్వు పెట్టినట్టు బంతి వేస్తూనే ఉన్నాడు. రంజాన్ ఆ వారమే మొదలైంది. మా మొహమ్మద్ డియారా ఉపవాసాలుంటూనే ఆడాడు. నాకు ఆ టీమ్‌లో అందరికంటే ఎక్కువ గౌరవం అతని మీదే. 84–76తో కప్పు మాది, 1987 తర్వాత మళ్లీ అప్పుడే. ఆ ఊపులోనే మార్చ్ మ్యాడ్‌నెస్‌లో ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్స్) దాకా వెళ్లారు. ఈ టోర్నమెంటే లేకపోతే ఆ ఏడాది మమ్మల్ని మార్చ్ మ్యాడ్‌నెస్‌కి పిలిచేవాళ్లే కారు.

మీ ఆఫీసులో పెద్దవాళ్లకి ఇంత మమకారం ఎందుకంటే, ఒకప్పుడు దీని విలువ ఇంకా ఎక్కువ. 1954లో మొదలైన రోజుల నుంచి 1974 దాకా, ఏసీసీలో ఇది గెలిచిన ఒక్క టీముకే జాతీయ టోర్నమెంట్‌లో చోటు. 1974 ఫైనల్లో ఎన్‌సీ స్టేట్ ఓవర్‌టైమ్‌లో 103–100తో మేరీల్యాండ్‌ని ఓడించింది. దేశంలోని మేటి జట్లలో ఒకటైన మేరీల్యాండ్‌కి ఆ ఒక్క ఓటమితో దారి మూసుకుపోయింది. మరుసటి ఏడాదే జాతీయ టోర్నమెంట్‌ని 25 టీముల నుంచి 32కి పెంచి, ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒకటి కంటే ఎక్కువ టీములు రావచ్చన్నారు. ఇక్కడ పుట్టి పెరిగిన నా సహోద్యోగుల్ని అడిగితే, ఏసీసీ టోర్నమెంట్ జరిగే శుక్రవారం టీచర్లే క్లాసులోకి టీవీ తెచ్చి పెట్టేవాళ్లని చెబుతారు.

చిన్న కాన్ఫరెన్సులకి ఇప్పటికీ దాదాపు అదే పరిస్థితి, గెలిస్తేనే చోటు. 2024లో మిషిగన్ నుంచి ఓక్లండ్ అలాగే హొరైజన్ లీగ్ టోర్నమెంట్ గెలిచి వచ్చి, ఏకంగా కెంటకీని ఇంటికి పంపింది. వాళ్ల జాక్ గోల్కీ ఆ రోజు మూడు పాయింట్ల షాట్లు పది కొట్టాడు. తర్వాతి రౌండులో వాళ్లకి ఎదురుపడింది మేమే. అదీ ఓవర్‌టైమే!

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. స్టాన్‌ఫర్డ్, క్యాల్, ఎస్ఎంయూ చేరాక ఏసీసీలో టీములు 18 అయ్యాయి. 2025లో పదిహేనింటినే టోర్నమెంట్‌కి పిలిచారు. ఏడాది క్రితం కప్పు ఎత్తిన ఎన్‌సీ స్టేటే ఆ మిగిలిపోయిన మూడింటిలో ఒకటి. బాగా ఆడలేదు, నిజమే. అయినా అందరినీ ఆడనివ్వాలి. చివరి స్థానంలో ఉన్నవాడికీ ఒక మంగళవారం దక్కడంలోనే దీని అందమంతా ఉంది.

మీరు చూడాలనుకుంటే శనివారం ఫైనల్ దాకా ఆగకండి, మంగళ, బుధవారాల మ్యాచులు చూడండి. టోర్నమెంట్ షార్లెట్‌లో జరిగే ఏడాదైతే రాలీ నుంచి కారులో రెండున్నర గంటల దారి. మామూలుగా ఒక టికెట్‌తో వెంటవెంటనే జరిగే రెండు మ్యాచులు చూడొచ్చు. పని రోజు మధ్యాహ్నం ఆటలకి గిరాకీ తక్కువ కాబట్టి టికెట్లు చవగ్గానే దొరుకుతాయి. ఆఫీసులో సెలవు అడగడానికి మొహమాటపడొద్దు, ఆ వారం మీ మేనేజర్ కూడా అడిగే ఉంటాడు.